బాపు తిన్న మొదటి టాకో

ఫుడ్ రివ్యూ అనుకుని క్లిక్ చేసిన వాళ్లకు ముందే చెప్తున్నా, ఈరోజు స్టార్లు ఇవ్వడం లేదు. హనుమకొండలో మా రూమ్‌కి రెండు గల్లీల అవతల ఒక చిన్న మెక్సికన్ హోటల్ ఉంది. పేరు చెప్పను, ఇది ప్రమోషన్ కాదు. ఆరు టేబుళ్లు, గోడ మీద పెద్ద టోపీ పెట్టుకున్న మీసాలాయన బొమ్మ, బయట మిర్చి బజ్జీల బండి. జీతం పడ్డ రోజు ఫ్రెండ్స్‌తో వెళ్తుంటా. మొన్న మాత్రం మా బాపుని తీసుకెళ్లా.

మాది నర్సంపేట దగ్గర ఊరు. బాపు ఏదో పని మీద వరంగల్ వచ్చి రాత్రికి నా దగ్గర ఆగాడు. మెనూ చేతికిస్తే అటు తిప్పి ఇటు తిప్పి, "ఇండ్ల అన్నం లేదా బిడ్డా?" అన్నాడు. ఉంది బాపూ, బరిటోలో చుట్టి ఇస్తారు అన్నా. అన్నాన్ని రొట్టెలో చుట్టుడేందని ఆయనకు ఒకటే నవ్వు.

చివరికి చికెన్ టాకోలు చెప్పాం, ఒక ప్లేట్ నాచోస్. బాపు టాకోని రెండు చేతులతో పట్టుకుని కొరికాడు. సగం చొక్కా మీద పడింది. నేను మొదటిసారి తిన్నప్పుడూ అంతే, అందుకే నవ్వలేదు. "రొట్టె మంచిగనే ఉన్నది గని, ఇది మక్కరొట్టె కాదు, మైదా" అన్నాడు. కరెక్టే. మన దగ్గర చాలా చోట్ల మైదా రొట్టెలే వాడతారు. మెక్సికోలో అసలు టోర్టియా మక్కలదే.

అక్కడ మక్కలను ఊరికే పిండి పట్టించరు. సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగేసి రుబ్బుతారు. సున్నం అంటే మన తమలపాకుకు రాసే సున్నమే. అట్లా చేస్తేనే ఆ పిండి ముద్ద కట్టి రొట్టెగా సాగుతుంది. ఇంకో లాభం, మక్కల్లో ఉన్న బి3 విటమిన్ ఒంటికి పడుతుంది. యూరప్ వాళ్లు మక్కలు తీసుకెళ్లారు కానీ ఈ సున్నం సంగతి వదిలేశారు. తర్వాత ఇటలీలో, అమెరికా దక్షిణాన, మక్కల మీదే బతికిన పేదవాళ్లకు పెల్లాగ్రా అని చర్మం పగిలి, మతి చెదిరే జబ్బు వచ్చింది. ఇది చెప్తే బాపు నాచోస్ చిప్ ఒకటి చేతిలో పట్టుకుని చూస్తూ, "మనం మక్కలు కోళ్ల దాణాకు అమ్ముకుంటిమి" అన్నాడు.

అప్పుడు సల్సా వచ్చింది. కాల్చిన టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. మెక్సికోలో దీన్ని మూడు కాళ్లున్న రాతి రోట్లో నూరుతారు. మన రోటి పచ్చడి, అంతే. బాపు వేలితో నాకి చూసి ఆగిపోయాడు. మా ఇంట్లో మిర్చి గురించి మాట్లాడి చాలా రోజులైంది.

2021లో నల్ల తామర పురుగు వచ్చింది గుర్తుందా? పూలల్లో చేరి పూతను తినేసేది, కాయ పట్టేది కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో మిర్చి రైతులకు అది చేసిన నష్టం అంతా ఇంతా కాదు. మాది రెండెకరాలు. కొట్టిన మందుల ఖర్చు కూడా రాలేదు. ఆ ఏడాది నా ఫీజు కోసం అమ్మ గాజులు బ్యాంకుకు పోయాయి. అప్పట్నుంచి బాపు పత్తి, మక్క తప్ప మిర్చి నాటలేదు.

ఇక్కడ నాకు ఎప్పుడూ వింతగా అనిపించే సంగతి ఒకటి. మిరప పుట్టిందే మెక్సికో వైపు. అక్కడి వాళ్లు వేల ఏండ్ల కిందటే సాగు చేశారు. మనకు 1500ల్లో పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చింది. కాకతీయుల రాజ్యం 1323లోనే పోయింది కదా, అంటే రుద్రమదేవి మిరపకాయ చూడనే లేదు! టమాటా కూడా అంతే. అప్పుడు కారం అంటే మిరియమే. కొత్త కాయకు మనవాళ్లు ఆ మిరియం పేరు మీదే మిరప అని పెట్టుకున్నారు. స్పెయిన్ వాళ్లూ అదే పని చేశారు, వాళ్ల మిరియం పేరునే దీనికి తగిలించారు.

సరే, బాపు వంటతన్ని పిలిచి "తమ్మీ, ఏ కాయ వేస్తున్నవ్?" అని అడిగాడు. అతను లోపల్నుంచి ప్యాకెట్ తెచ్చాడు. బ్యాడిగి, కర్ణాటకది. "రంగు కోసం అంకుల్. మన కాయ వేస్తే ఘాటు ఎక్కువై పిల్లలు తినరు." బాపు ముఖం మారింది. "రంగుకు చపాటా లేదా మనకు?"

తెలియని వాళ్ల కోసం: చపాటా మన వరంగల్ కాయ, టమాటా మిర్చి అని కూడా అంటారు. పొట్టిగా, లావుగా, మంచి ఎరుపు, కారం తక్కువ. దాని నుంచి రంగు తీసి తినే వస్తువుల్లో, కాస్మెటిక్స్‌లో వాడతారు. 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. హనుమకొండలో వంట చేస్తున్న అబ్బాయికి ఆ పేరు తెలియదు. తప్పు అతనిది అనను, నేను కూడా స్టేటస్ పెట్టి మర్చిపోయినదాన్నే.

తర్వాతి వారం బాపు మా ఊళ్లో ఒకరి దగ్గర కిలో చపాటా కొని మళ్లీ వచ్చాడు. గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టి రుబ్బారు. రంగు చూసి ఆ అబ్బాయే ఫోటో తీసుకున్నాడు. రుచి కొంచెం తియ్యగా వచ్చింది, నాకైతే ఇంకాస్త ఘాటు కావాలి. "నెలకు ఐదు కిలోలు ఇస్తారా అంకుల్?" అన్నాడు.

ఐదు కిలోలతో ఇల్లు గడవదు, అది నాకూ తెలుసు, బాపుకీ తెలుసు. బస్టాండ్ దాకా ఏమీ మాట్లాడలేదు. అమ్మ ఒప్పుకోదని నేనే అన్నా. బస్సెక్కి కిటికీలోంచి చెప్పాడు: "ఎకరం కాదు బిడ్డా. పది గుంటలు. విత్తనం ఉన్నోళ్లు తెలుసు నాకు."

నారు పోసే టైమ్ వచ్చింది. అమ్మకు ఇంకా చెప్పలేదట. ఈ వీడియో ఆమె చూసేలోపు ఆయనే చెప్తే బాగుండు.