చుక్క పేలిన కబురు



పోయిన మార్చిలో అమరావతి దగ్గర మా వదినగారింట్లో ఉన్నాను. కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. మధ్యాహ్నం ఆవిడ అల్లుడు క్రోసూరు నుంచి ఫోను: "అత్తయ్యా, ఇక్కడ వాన దంచేస్తోంది!" ఇంటిల్లిపాదీ పట్టాలు తీసుకుని పరుగో పరుగు. అరగంటలో అక్కడా కురిసింది. అదే కబురు ఉత్తరంలో వస్తే? ఆ కాయకు తాలుధర కూడా దక్కేది కాదు.

ఆకాశంలో చుక్కల సంగతీ అంతేనండి. సూర్యుడికన్నా ఎన్నో రెట్లు బరువైన నక్షత్రం ఆయువు తీరగానే పేలిపోతుంది. దాన్ని సూపర్‌నోవా అంటారు. అందులోంచి వెలుగుతోబాటు, నా మాటను మీ ఇంటికి చేర్చే రేడియో తరంగాల్లాంటివీ వస్తాయి. వాటికి మబ్బూ అడ్డుకాదు, పగలూ అడ్డుకాదు. కాని కొన్ని పేలుళ్లలో అవి కొద్ది వారాల్లోనే సన్నగిల్లిపోతాయి.

అంత దూరాన ఉన్నదాన్ని వివరంగా చూడాలంటే దేశమంత వెడల్పు యాంటెన్నా కావాలి. అది కట్టడం ఎవరి తరం? అందుకని దూరదూరాన ఉన్న యాంటెన్నాలన్నీ ఒకేసారి ఒకే చుక్కవైపు తిప్పి, అవి పట్టినదంతా ఒకచోట కలుపుతారు. మన పక్కన మహారాష్ట్రలోనే, పుణె దగ్గర ఖోడద్ ప్రాంతంలో 45 మీటర్ల యాంటెన్నాలు 30 ఉన్నాయి, సుమారు 25 కిలోమీటర్ల మేర. యూరప్‌వాళ్లవి దేశాలే దాటి ఉంటాయి. పూర్వం అక్కడ పట్టినదాన్ని టేపులకెక్కించి పార్సిలు పంపేవారు. లెక్క తేలేసరికి చుక్క చల్లారేది!

2007 ఆగస్టులో ఒక సూపర్‌నోవా కనబడింది. పేరు ఎస్‌ఎన్ 2007జీఆర్, దూరం సుమారు మూడున్నర కోట్ల కాంతి సంవత్సరాలు. సెప్టెంబరు 6, 7 తేదీల్లో యూరప్ యాంటెన్నాలు విన్నది విన్నట్టే తీగల మీద నెదర్లాండ్స్‌లోని డ్వింగెలో చేరింది. చుక్క జాడ దొరికింది. నవంబరులో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ పెద్ద యాంటెన్నాను కూడా కలుపుకుని మళ్లీ చూశారు. కొంత పదార్థం కాంతి వేగంలో సగానికి మించి దూసుకుపోయిందని 2010లో 'నేచర్' పత్రికలో రాశారు. కాదు, మామూలు పేలుడేనని మరో బృందం అదే ఏడు వాదించింది. నవ్వకండి, మిర్చి యార్డులో కాయ రంగు మీద ఇద్దరు బేరగాళ్లకు ఏనాడైనా కుదిరిందా?

ఇదంతా విని మా వదినగారు, "మూడున్నర కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన కబురుకు ఇప్పుడీ హడావుడేమిటమ్మా?" అన్నారు.

"ఎప్పుడు బయల్దేరితేనేం వదినగారూ, మన గుమ్మంలో నిలబడేది నాలుగు వారాలేగా!" అన్నాను.

ఆవిడ కాయ తిరగేస్తూ క్రోసూరు వైపు ఓసారి చూశారు.

సెలవు.