పెరటి ఆపిల్ చెట్టు: ఋతువుకొక సంరక్షణ

హిమాచల్ ప్రదేశ్‌లోని సిమ్లా కొండల్లో పెరటి ఆపిల్ చెట్టు సంరక్షణ శీతకాలంలోనే మొదలవుతుంది. ఆకులు రాలిన చెట్టు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిని వందల గంటలపాటు అనుభవిస్తూ నిద్రావస్థలో ఉన్నప్పుడే, ఎండిన కొమ్మలనూ ఒకదానితో ఒకటి ఒరుసుకునే కొమ్మలనూ కత్తిరించి, కోసిన చోట బోర్డో పేస్టును, అంటే మైలుతుత్తం, సున్నం నీటిలో కలిపిన ముద్దను పూస్తారు. రాయల్ డెలిషియస్ వంటి రకాలు సొంత పుప్పొడితో సరిగా కాయవు గనుక, వసంతంలో తేనెటీగలు పుప్పొడి మోసుకొచ్చేందుకు దగ్గరలో గోల్డెన్ డెలిషియస్ వంటి మరో రకం ఉండాలి. గుత్తికి ఒకటి రెండు పిందెలే ఉంచి తక్కినవి తుంచివేస్తే, మిగిలినవి బాగా ఊరడమే కాక మరుసటి ఏటి కాపు కూడా నిలుస్తుంది. వేసవిలో పాదులో ఎండుగడ్డి పరిచి తేమను కాపాడాలి. కోత ముగిశాక, తెగులు మరుసటి ఏడాదికి పాకకుండా రాలిన ఆకులనూ కుళ్లిన కాయలనూ ఏరివేయాలి.