వంద వాట్లలో ఊరి మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీవాళ్ళు నన్ను టెక్నాలజీ మీద మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళుగా ట్రాన్స్‌మిటర్లతో బతుకుతున్నవాణ్ణి కాబట్టి రేడియో గురించి చెబుతాను. వెనక వరుసలో అప్పుడే ఫోన్లు తీస్తున్నారు, కాసేపు ఆగండి.

జహీరాబాద్ దగ్గర మాచనూరు అని ఒక పల్లె. అక్కడ సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రేడియో అది. నడిపినవాళ్ళలో ముఖ్యులు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు. జొన్నలు, కొర్రలు, దాచిన విత్తనాలు, పండుగలు, పాటలు, నాటు వైద్యం, అన్నీ మాట్లాడతారు. అదీ జహీరాబాద్ వైపు ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే. మనం చిన్నప్పుడు రేడియో ముందు కూర్చుంటే మన యాస ఎక్కడా వినబడేది కాదు. రేడియో భాష వేరు, మన భాష వేరు అని ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాం. అది చిన్న నష్టం కాదు.

దీనికి తలుపు తెరిచింది క్రికెట్ అంటే నవ్వుతారేమో. మ్యాచ్ ప్రసార హక్కుల తగాదాలో సుప్రీంకోర్టు 1995లో, గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలొచ్చింది. మూడేళ్ళయినా సేవ చేసి ఉండాలి. సగం కార్యక్రమాలైనా స్థానికులతో తయారవాలి.

ఇక నా లెక్క. అనుమతించే శక్తి 100 వాట్లు, స్తంభం ఎత్తు 30 మీటర్ల లోపు. అంత ఎత్తు నుంచి కంటికి నేల ఆనే దూరం సుమారు 20 కిలోమీటర్లు. ఎఫ్ఎం కూడా దాదాపు అంతే పోతుంది. అంటే సైకిలు తొక్కుకుంటూ మన బడికి పిల్లలొచ్చిన ఊళ్ళన్నీ దాని పరిధిలోకే వస్తాయి.

ఆ ఊళ్ళలో ఏం మాట్లాడాలి? డబ్బు సంగతే తీసుకోండి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటారు మనవాళ్ళు. వినడానికి చిన్నగా ఉంటుంది. అది ఏడాదికి 36 శాతం అని గట్టిగా చెప్పే గొంతు ఊళ్ళో లేదు. బ్యాంకు కాగితంలో రాసి ఉంటుంది గానీ ఆ కాగితం చదివేదెవరు? పక్కింటి అక్క రేడియోలో లెక్క విప్పి చెబితే వింటారు. చెరువు ఎవరు తవ్వించారు, తూము ఎందుకు పూడింది, ఏ వీధికి ఆ పేరెలా వచ్చింది, ఇవీ అలాంటివే. పుస్తకాల్లో లేవు, కొందరి నోళ్ళలోనే ఉన్నాయి.

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర స్వాగత తోరణం కట్టాలని ప్రతిపాదన ఉంది. పెద్దలు ఏమీ అనుకోకపోతే, నేను దానికి ఒప్పుకోను. రజతోత్సవంలో ఇదే వేదిక మీద కూర్చున్న సార్లలో నలుగురు ఇవాళ లేరు. వాళ్ళ ఫొటోలున్నాయి, గొంతు ఒక్కరిది కూడా లేదు. తెలుగు సారు పద్యం ఎత్తుకుంటే పక్క గది పిల్లలు కూడా రాయడం ఆపేవారు. ఆ గొంతు ఎలా ఉండేదో మా పిల్లలకు నేనేం చేసి చూపించను?

రేడియో లైసెన్సు ఇప్పటికిప్పుడు రాదు. దరఖాస్తు, అనుమతులు, రోజూ కూర్చునే మనుషులు, కరెంటు బిల్లు, అన్నీ తేలాలి. పెట్టిన తర్వాత నడపలేక మూతపడితే తోరణమే నయం అంటారు. ఆ మాటలో న్యాయముంది. రికార్డింగుకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, మాట్లాడేవాళ్ళు సరేనంటే చాలు.

భోజనాల తర్వాత ఏడో తరగతి గదిలోకి రండి. రెండు మైకులు, ఒక రికార్డరు తెచ్చిపెట్టాను, ఫ్యాను ఆపేయించాను, ఉక్కకు ఓర్చుకోవాలి. మొదటి కుర్చీ లెక్కల సారుది. సార్ సరేనన్నారు, చెవులు సరిగా వినబడవట, ప్రశ్నలు కాస్త గట్టిగా అడగండి.