గెలుపు ఊరేగింపు ఏ గల్లీలోంచి?



ఈరోజు ఆటల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఎవరు ఎన్ని గోల్స్ చేశారన్నది పత్రికల్లో వస్తుంది, టీవీలో వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఆట ముగిసిన తర్వాతి సంగతి. గెలిచిన రాత్రి మనం ఏం చేస్తాం, మర్నాడు పొద్దున ఏమవుతుంది అన్నది.

మా కుంఠా నాకా దగ్గర పిల్లలకు ఫుట్‌బాల్ అంటే సరదా. దానికి కారణం పెద్దదేమీ కాదు. క్రికెట్‌కు బ్యాటు కావాలి, ప్యాడ్లు కావాలి. ఫుట్‌బాల్‌కు ఒక్క బంతి ఉంటే చాలు, ఇరవై మంది ఆడుకోవచ్చు. తలా పది రూపాయలు వేసుకుంటే బంతి వస్తుంది. గోలు కోసం రెండు వైపులా ఇటుకలు పేర్చుకుంటారు. పైన అడ్డకర్ర ఉండదు. అందుకే బంతి కాస్త ఎత్తున పోయిందంటే అది గోలా కాదా అని గొడవ.

కొన్నేళ్ల కిందట అలాంటి గొడవే రెండు గల్లీల మధ్య పగగా మారింది. రెండూ మన గల్లీలే. రెండు చోట్లా సాంచల చప్పుడే, రెండు చోట్లా గడపల్లో బీడీలు చుట్టే అమ్మలే. నారళీ పున్నమికి మార్కండేయ స్వామి రథం వెంట అందరూ కలిసి నడిచేవాళ్లే. అయినా ముందు సంవత్సరం ఒక గోలు దగ్గర మాట మీద మాట పెరిగి, పిల్లలు ఏడాది పొడుగునా మాట్లాడుకోలేదు. మరుసటి ఏడు పోటీల్లో సెమీఫైనల్లో మళ్లీ ఆ రెండు గల్లీలే ఎదురుపడ్డాయి. చివరి నిమిషంలో పడ్డ గోలుతో ఒక గల్లీ గెలిచి ఫైనల్‌కు అర్హత సంపాదించింది.

ఇక చూడాలి సంబరం! హల్గీ మోగింది, గులాలు ఎగిరింది. గెలిపించిన పిల్లవాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. కష్టపడి గెలిచారు, సంతోషపడ్డారు. కాని ఊరేగింపు పెద్ద రోడ్డు మీదుగా గుడికి వెళ్లకుండా, ఓడిన గల్లీలోకి మళ్లింది. వాళ్ల గడపల ముందు ఆగి కేకలు వేశారు. ఎవరో పటాకుల సరం అంటించి విసిరారు. అది ఒక ముసలమ్మ బీడీల చాటలో పడింది. కత్తిరించి పెట్టుకున్న తునికాకు, పొగాకు, చుట్టిన బీడీలు అన్నీ కాలిపోయాయి. ఆమెకు ఒక రోజు కూలీ పోయింది. ఆ తర్వాత రాళ్లు వచ్చాయి. ఒక పిల్లవాడి నుదుటికి మూడు కుట్లు పడ్డాయి.

అసలు నష్టం మర్నాడు తెలిసింది. గెలిచిన జట్టులోని ఒక పిల్లవాడి తండ్రి, ఓడిన జట్టులోని ఒక పిల్లవాడి తండ్రి ఒకే కార్ఖానాలో ఒకే సాంచ మీద పనిచేస్తారు. ఒకరిది పగటి పాళీ, మరొకరిది రాత్రి పాళీ. పాళీ మారేటప్పుడు రెండు నిమిషాలు నిలబడి చెప్పుకోవడం రివాజు. ఇక్కడ పోగు తెగుతున్నది, ఇక్కడ నాడె కొట్టుకుంటున్నది, చూసుకో అని. ఆ పొద్దున ఇద్దరూ ముఖముఖాలు చూసుకోలేదు. రాత్రంతా కుడివైపు పోగులు తెగుతూ ఉన్న సంగతి పగటివాడికి తెలియలేదు. మూడు రోజులు అలాగే గడిచింది. చాదర్లలో వరసగా గీతలు పడ్డాయి. మాలు నాసిరకం కింద పోయింది. ఇద్దరి కూలీలోనూ కోత పడింది. పిల్లల ఆటలో పుట్టిన పగకు మగ్గం మీద బట్ట చెడింది.

సోమవారం బడిలో ఆ రెండు గల్లీల పిల్లలూ నా ఎదుటే కూర్చున్నారు. తిట్టి లాభం లేదనిపించింది. వాళ్లకు ఒక కథ చెప్పాను. అది కథ కాదు, జరిగిన విషయం. మీకూ చెబుతాను.

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఒక బడిపంతులు ఉండేవారు. 1909లో పుట్టారు. కాచిగూడ బడిలో, చాదర్‌ఘాట్ బడిలో పాఠాలు చెప్పారు. అందుకే ఆయన్ను చివరిదాకా అందరూ రహీం సాబ్ అనే పిలిచారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు మన బొంబాయిలో అప్పట్లో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలుచుకుంది. ఆయన పద్ధతులు పంతులుగారి పద్ధతులే. కుడికాలి వాటం ఉన్నవాణ్ణి ఎడమకాలితోనే ఆడమనేవారు. బంతిని ఎక్కువసేపు తన దగ్గర పెట్టుకోకుండా వెంటనే తోటివాడికి అందించేలా పోటీలు పెట్టేవారు. ఒక్కడి గొప్ప కన్నా పదకొండుగురి పొందిక ముఖ్యమని ఆయన నేర్పిన పాఠం.

1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. మన జట్టులో చాలామంది అప్పుడు ఉత్త కాళ్లతోనే ఆడారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో అదే జట్టు ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డ మీద 4-2 తేడాతో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఓటమిని రహీం సాబ్ పగగా మార్చుకోలేదు. పాఠంగా మార్చుకున్నారు.

ఇక 1962 సంగతి. జకార్తాలో ఆసియా క్రీడలు. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను రానివ్వలేదు. ఆసియా క్రీడలను స్థాపించినవారిలో ఒకరైన మన దేశపు గురుదత్ సోంధీ ఇది న్యాయం కాదని గట్టిగా అన్నారు. దాంతో అక్కడి జనానికి మన దేశం మీద కోపం వచ్చింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఆ మరునాడే, సెప్టెంబర్ 4న, ఫుట్‌బాల్ ఫైనల్. ఎదుట ఉన్నది దక్షిణ కొరియా. అదే పోటీల్లో మొదటి ఆటలో మనల్ని 2-0తో ఓడించిన జట్టు.

ఆ ఓటమి తర్వాత మనవాళ్లు థాయ్‌లాండును 4-1తో, జపానును 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచి ఫైనల్‌కు చేరారు. జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనక నిలబడి కాపు కాసే ఆటగాడు అతను. ఆ కుట్లతో వెనక ఆడించడం కష్టమని రహీం సాబ్ అతన్ని ముందు వరసలో పెట్టారు. స్టేడియం నిండా జనం. మన జాతీయ గీతం వినిపిస్తుంటే గోల చేశారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో ఆ తలకట్టు జర్నయిల్ సింగ్ గోల్స్ చేశారు. 2-1తో భారత్‌కు స్వర్ణం వచ్చింది. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి పెరిగిన తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఉన్నారని మనం మరచిపోకూడదు.

శ్రోతలారా, అంతమంది ప్రేక్షకుల్లో మనకోసం చప్పట్లు కొట్టినవారు ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు. ఈ సంగతి తర్వాత మన ఆటగాళ్లే చెప్పుకున్నారు. దేశ విభజన జరిగి అప్పటికి పదిహేనేళ్లే. అవే క్రీడల్లో హాకీ ఫైనల్లో మనల్ని ఓడించి స్వర్ణం గెలిచింది కూడా వాళ్లే. హాకీ మైదానంలో ఎదురుబొదురుగా పోరాడినవాళ్లు, ఫుట్‌బాల్ మైదానంలో పరాయి ఊళ్లో ఒంటరిగా నిలబడ్డ ఇరుగుపొరుగు పిల్లల్ని చూసి మనవాళ్లే అనుకున్నారు.

రహీం సాబ్‌కు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మనకు ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ రాలేదు. 2024లో ఆయన జీవితం మీద హిందీలో ‘మైదాన్’ అనే సినిమా వచ్చింది. అది చూసినవారికి ఈ సంగతులు కొన్ని తెలిసే ఉంటాయి.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి చెబుతాను. 2009లో ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో ఈజిప్టు, అల్జీరియా ఎదురుపడ్డాయి. వాటి మధ్య పగ పాతది. 1989లో ఇలాంటి అర్హత పోటీ తర్వాతే ఘర్షణ జరిగి ఒక ఈజిప్టు వైద్యుడి కన్ను పోయింది. ఇరవై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు. 2009 నవంబర్ 12న కైరోలో అల్జీరియా ఆటగాళ్ల బస్సు మీద రాళ్లు పడ్డాయి. 14న ఈజిప్టు 2-0తో గెలిచింది. దాంతో రెండు జట్లూ అన్నింటా సమానమయ్యాయి. తేల్చుకోవడానికి 18న సూడాన్‌లోని ఓందుర్మాన్‌లో ఆడారు. అంతర్ యాహియా చేసిన ఒకే ఒక్క గోలుతో అల్జీరియా గెలిచింది. 1986 తర్వాత మళ్లీ ప్రపంచ కప్పుకు అర్హత పొందింది.

ఆ రాత్రి అల్జీరియాలో జనమంతా వీధుల్లోనే ఉన్నారు. అటు కైరోలో అల్జీరియా రాయబార కార్యాలయం దగ్గర అల్లర్లు జరిగాయి. ఈజిప్టు తన రాయబారిని వెనక్కు పిలిపించుకుంది. రెండూ అరబ్బీ మాట్లాడే దేశాలే, పండుగలూ ఒకటే. ఒక్క గోలు దగ్గర రెండు ప్రభుత్వాలు ముఖం తిప్పుకున్నాయి. మరి అంత చేసి చేరిన 2010 ప్రపంచ కప్పులో ఏమైంది? అల్జీరియా మూడు ఆటలు ఆడింది. ఒక్క గోలు కూడా చేయలేక తిరిగి వచ్చింది. దాన్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. అర్హత అంటే తలుపు తెరుచుకోవడం మాత్రమే. ఆ తలుపు దగ్గరే పొరుగువాడి కాలర్ పట్టుకుంటే లోపలికి వెళ్లి ఆడే బలం ఎక్కడ మిగులుతుంది?

ఇదంతా విని మా పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి వెనక బల్ల మీదినుంచి ఒకడు లేచి, “సార్, ఆ అవ్వకు తునికాకు పైసలు మేమిస్తం” అన్నాడు. గెలిచిన గల్లీ పిల్లవాడే. ఓడిన గల్లీవాడు ఒకడు లేచి, “రాళ్లు మేం కొట్టినం సార్, మేం సగం ఇస్తం” అన్నాడు. బంతి కొన్నట్టే తలా పది రూపాయలు వేసుకున్నారు. సాయంత్రం రెండు గల్లీల పిల్లలూ కలిసి వెళ్లి అవ్వ చేతిలో పెట్టారు. ఆమె డబ్బు లెక్కపెట్టుకుని, ఎక్కువైన ఇరవై రూపాయలు తిరిగి ఇచ్చేసింది. మీ బంతికి గాలి కొట్టించుకోండి అన్నదట.

తండ్రులు మాట్లాడుకోవడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. పెద్దవాళ్ల సంగతి అంతే, పిల్లలంత తొందరగా కలవరు. ఒకనాడు పాళీ మారేటప్పుడు రాత్రివాడు సాంచ వైపే చూస్తూ, కుడివైపు పోగు చూసుకో అన్నాడట. పేరు పెట్టి పిలవలేదు, నవ్వలేదు. ఆ ఒక్క మాట చాలింది. ఆనాటి చాదర్లలో గీత పడలేదు.

అన్నట్టు, ఆ ఫైనల్ ఏమైందో చెప్పలేదు కదూ? మా గెలిచిన జట్టు ఫైనల్లో 3-0తో ఓడిపోయింది. ఓడి వస్తుంటే ఎదురొచ్చి బంతి పట్టుకుని నడిచింది ఆ రెండో గల్లీ పిల్లలే. ఆ తర్వాత వాళ్లలో వాళ్లే ఒక నియమం పెట్టుకున్నారు. ఊరేగింపు పెద్ద రోడ్డు మీదుగానే పోవాలి, ఓడిన గల్లీలోకి హల్గీ పోకూడదు. ఇంకొకటి, గోలు మీద అడ్డంగా ఒక తాడు కట్టాలి. ఆ తాడు కార్ఖానాలో మిగిలిన నూలు పేనినది.

మన సరిహద్దు ఊళ్లలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ ఒకే గోడకు ఆనుకుని ఉంటాయి. ఒక ఇంటి గెలుపు డప్పు మరో ఇంట్లో వినపడకుండా ఉండదు. మన పిల్లలు గెలవాలి, గెలిస్తే సంబరం చేసుకోవాలి. గులాలు చల్లుకోవాలి, మిఠాయి పంచుకోవాలి. పంచేటప్పుడు మొదటి ముక్క ఓడినవాడి చేతిలో పెడితే ఆ గెలుపు రెండు గల్లీలదీ అవుతుంది. మర్నాడు పొద్దున పాళీ మారేటప్పుడు ఆ రెండు నిమిషాల మాట ఆగకూడదు. బట్ట నేయడానికి నిలువు పోగు ఒక్కటే సరిపోదని మనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు?