మడతల్లో హిరోషిమా

జపాన్ ఫొటోగ్రాఫర్ కికుజీ కవాడా నలుపు తెలుపు ఫొటోల పుస్తకం 'చిజు' 1965 ఆగస్టు 6న వెలువడింది. హిరోషిమా మీద అణుబాంబు పడి సరిగ్గా ఇరవై ఏళ్లు నిండిన రోజది. 'పటం' అని ఆ పేరుకు అర్థం.

బాంబు దెబ్బకు గుల్లయినా నిలబడే ఉన్న గుమ్మటం భవనం లోపలి గోడల మీద కవాడా చూపు నిలిచింది. పెచ్చులూడి, మరకలు పట్టిన గోడలవి. దగ్గరనుంచి తీసిన ఆ ఫొటోలు చూస్తుంటే కాలిన చర్మాన్ని చూస్తున్నట్టే ఉంటుంది. వాటి నడుమ యుద్ధంలో పోయిన సైనికుల గుర్తులు, నలిగిన లక్కీ స్ట్రైక్ సిగరెట్ పెట్టె, కోకాకోలా సీసాలు. ఓడిన దేశం దుఃఖమూ గెలిచిన దేశం సరుకూ పక్కపక్కనే.

పుస్తకాన్ని తీర్చిదిద్దింది కోహెయ్ సుగియురా. పేజీలు మడతలు పెట్టి ఉంటాయి. రెండు వైపులకూ విప్పితేగానీ లోపలి ఫొటో కనబడదు. నా దృష్టిలో దీని అసలు బలం ఈ కూర్పే. ఇవే ఫొటోలను విడివిడిగా గోడకు తగిలిస్తే ఆ అనుభవం రాదు.

తొలి ముద్రణ ప్రతులు చాలా అరుదు, ధర సామాన్యులకు అందదు. కవాడా ముందుగా కూర్చుకున్న రెండు భాగాల నమూనా న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. మాక్ అనే ప్రచురణ సంస్థ 2021లో దాన్ని అచ్చువేసింది. మడతల పేజీల అసలు పుస్తకమే ఎక్కడైనా దొరికితే తొందరపడకుండా, ఒక్కో మడతా మీ చేత్తోనే విప్పి చూడండి.