ముప్పై అయిదేళ్ల ఇద్దరు డిఫెండర్లు

ఈ వారం మాట్లాడే వంతు నాది. గ్రాట్యుటీ లెక్క ఎట్ల చూసుకోవాలో చెప్పమని కొందరు మెసేజ్ పెట్టారు. అది వచ్చేసారి తప్పకుండా చెప్తాను. ఈసారి మాత్రం ఫుట్‌బాల్. అక్టోబర్ 14, మంగళవారం రాత్రి ఖతార్ టీమ్ యూఏఈని 2–1తో ఓడించి 2026 ప్రపంచకప్‌కు పోయింది కదా, ఆ ముచ్చట. దాంట్లోనే నా సైటు ముచ్చట ఒకటి ఉంది, అది చివరికి చెప్తా.

ముందే ఒప్పుకుంటాను, ఏడాది కింద ఈ టీమ్ ఓడిపోతుంటే నాకు మస్తు ఖుషీగా ఉండేది. ఎందుకో ఇక్కడున్న మనోళ్లకు చెప్పక్కర్లేదు. 2024 జూన్ 11, ఇక్కడి జాసిమ్ బిన్ హమద్ స్టేడియం. ఛాంగ్టే గోల్‌తో ఇండియా 1–0 ముందున్నది. గెలిస్తే మొదటిసారి మూడో రౌండుకు పోయేవాళ్లం. 73వ నిమిషంలో బంతి గీత దాటి బయటికి పోయింది. మన వాళ్లు ఆగిపోయారు. ఖతార్ ఆటగాడు ఆ బంతిని కాలితో లోపలికి గుంజాడు, యూసఫ్ ఐమన్ గోల్ కొట్టాడు, రిఫరీ ఇచ్చేశాడు. ఆ మ్యాచ్‌లో వీడియో చూసే ఏర్పాటు లేదు. తర్వాత ఇంకో గోల్ పడింది, 2–1. మా రూములో ఇద్దరు మలయాళీలు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాకు ఫుట్‌బాల్ నేర్పింది వాళ్లే. మా మెట్‌పల్లి దిక్కు కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ తప్ప నేను ఏం చూశాను గనక.

అందుకే సెప్టెంబర్‌లో మూడో రౌండు మొదలై, ఖతార్ సొంత గడ్డ మీదే యూఏఈ చేతిలో 3–1తో ఓడితే "మన ఉసురు తాకింది" అనుకున్నాం. తర్వాత ఉత్తర కొరియాతో 2–2. ఇరాన్ చేతిలో 4–1. నవంబర్ 19న అబుదాబిలో మళ్లీ యూఏఈతో 5–0, అందులో నాలుగు ఫాబియో లిమా ఒక్కడే కొట్టాడు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో లుసైల్‌లో జోర్డాన్‌ను ఓడించి వరసగా రెండోసారి ఆసియా కప్ ఎత్తిన టీమ్ అది. తొమ్మిది నెలల్లో అట్ల అయిపోయింది.

కప్ గెలిపించిన కోచ్ తింతిన్ మార్కెస్ డిసెంబర్‌లో పోయాడు. లుయిస్ గార్సియా వచ్చాడు. మార్చిలో కొరియాను 5–1తో కొట్టి, అయిదు రోజులకే కిర్గిజ్‌స్తాన్ చేతిలో 3–1తో ఓడారు. ఆయనా పోయాడు. మే 1న జూలెన్ లోపెతెగి వచ్చాడు. ఈయన చరిత్ర మీకు తెలుసో లేదో. 2018లో స్పెయిన్ కోచ్‌గా ఉండి, రేపు ప్రపంచకప్ మొదలవుతుందనగా ఇవాళ ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. అదే సంవత్సరం రియల్ మాడ్రిడ్ కూడా తీసేసింది. ఇంగ్లండ్‌లో వెస్ట్ హామ్ 2025 జనవరిలో పంపించేసింది. టెర్మినేషన్ లెటర్ అంటే ఏందో బాగా తెలిసిన మనిషి.

ఆయన వచ్చీ రాగానే మ్యాజిక్ ఏం జరగలేదు. జూన్ 5న ఇరాన్‌ను 1–0తో గెలిచారు. ఇరాన్ అప్పటికే ప్రపంచకప్‌కు పోయింది కాబట్టి దాన్ని నేను పెద్దగా లెక్కబెట్టలేదు. అయిదు రోజులకు ఉజ్బెకిస్తాన్ చేతిలో 3–0తో ఓడారు. గ్రూపులో నాలుగో స్థానం. నేరుగా పోయే దారి మూసుకుంది, నాలుగో రౌండు మిగిలింది.

అక్టోబర్ 8న ఒమన్‌తో 0–0. మెస్‌లో అందరూ "చప్పగున్నది" అని లేచిపోయారు. నాకు మాత్రం ఒకటి కనిపించింది. ఏడాదంతా మూడు, నాలుగు, అయిదు గోల్స్ ఇచ్చుకున్న టీమ్ ఒక్కటి కూడా ఇయ్యలేదు. మన పనిలో చెప్పాలంటే, గోడ అందంగా లేదు గాని నిలువు తప్పలేదు.

తర్వాత యూఏఈ ఒమన్‌ను 2–1తో గెలిచింది. అంటే ఆఖరి మ్యాచ్ యూఏఈకి డ్రా అయితే చాలు, ఖతార్ గెలవాల్సిందే. ఏడాదిలో మొత్తం ఎనిమిది గోల్స్ కొట్టిన టీమ్ ఎదురుగా. స్టేడియం కూడా అదే, జాసిమ్ బిన్ హమద్. ఫస్టాఫ్‌లో గోల్ లేదు. 49వ నిమిషంలో అక్రమ్ అఫీఫ్ వేసిన బంతిని బువలెమ్ ఖూఖీ తలతో కొట్టాడు. 74వ నిమిషంలో మళ్లీ అఫీఫ్ వేశాడు, ఈసారి పెడ్రో మిగెల్ తల. చివర్లో తారిక్ సల్మాన్‌కు రెడ్ కార్డు, పది మందే మిగిలారు. ఇంజురీ టైమ్‌లో సుల్తాన్ ఆదిల్ ఒకటి కొట్టాడు. ఆ తర్వాతి నిమిషాలు నేను నిలబడే చూశాను. ఏడాది కింద తిట్టిన టీమ్ కోసం ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు.

2022లో ఆతిథ్య దేశం కాబట్టి ప్రపంచకప్ ఆడారు, మూడుకు మూడూ ఓడారు. ఆడి గెలిచి పోవడం ఇదే మొదటిసారి. అయితే నిజం కూడా చెప్పుకోవాలి. నాలుగో రౌండు దోహాలోనే పెట్టారు, రెండు మ్యాచ్‌ల మధ్య ఖతార్‌కు వాళ్ల కంటే ఎక్కువ రోజులు రెస్టు దొరికింది. యూఏఈ వాళ్లు గునిశారంటే తప్పు లేదు. మనకు జూన్‌లో ఎంత మండిందో వాళ్లకూ అంతే మండి ఉంటుంది.

ఇప్పుడు ఆ గోల్స్ కొట్టిన ఇద్దరి గురించి. ఖూఖీ అల్జీరియాలో పుట్టాడు. పెడ్రో మిగెల్ పోర్చుగల్‌లో. ఇద్దరూ పని మీద ఇక్కడికి వచ్చిన వాళ్లే, మన లాగ. వాళ్లకు పాస్‌పోర్టు వచ్చింది, మనకు ఐడీ కార్డు, అది వేరే ముచ్చట. ఇద్దరూ 1990లో పుట్టారు, ముప్పై అయిదేళ్లు. ఇద్దరూ డిఫెండర్లు. అబుదాబిలో అయిదు పడ్డాక "ఈ ముసలోళ్లను తీసెయ్యాలె, కొత్త రక్తం కావాలె" అని మా క్యాంపులో అనని మనిషి లేడు. అందులో నేనూ ఉన్నాను.

ఇక నా సైటు. 2024 చలికాలంలో నాకు పద్దెనిమిది మంది షట్టరింగ్ కార్పెంటర్ల గ్యాంగును అప్పజెప్పారు. నాకంటే ముందు ఇద్దరు సూపర్‌వైజర్లు మారారు. బేస్‌మెంట్ గోడల్లో రెండింటికి హనీకూంబ్, ఒకటి పొట్ట ఉబ్బింది. మా గ్యాంగు పేరే రీవర్క్ గ్యాంగు అయింది. మేలో మేనేజర్ పిలిచి, ఆరుగురి పేర్లు రాసియ్యి, పంపించేద్దాం అన్నాడు. నేను ఆ సాయంత్రమే రాశాను. మొదటి రెండు పేర్లు యాభై దాటిన ఇద్దరివి. ఒకాయనది కమ్మర్‌పల్లి దిక్కు, ఒకాయనది సిరిసిల్ల దిక్కు. పని చూసి రాయలేదు, వయసు చూసి రాశాను. నాకు నలభై నాలుగు, ఇంకో ఆరేళ్లకు నా పేరు ఎవరో ఒకరు అట్లనే రాస్తారు.

కాగితం ఇచ్చాక నిద్ర పట్టక పాత పోర్ రికార్డులు తీసి చూశాను. పొట్ట ఉబ్బిన గోడ దగ్గర వాళ్లిద్దరూ లేనే లేరు. అసలు రోగం ఏందంటే, అందరూ అన్ని పనులు చేస్తున్నారు, బిగింపు ఎవరు చూశారో ఎవరికీ తెలియదు. ఎండాకాలం మధ్యాహ్నం పని బంద్ ఉన్న ఆ నెలల్లో వాళ్లిద్దరినీ వేరే పని ముట్టొద్దన్నాను. టై రాడ్లు చూడడం, గుండు వేసి నిలువు చూడడం, అంతే. వాళ్లు సరే అన్నదాకా కాంక్రీటు పోయొద్దని అందరికీ చెప్పాను. జూలైలో ఒకటి ఫెయిలయింది. ఆగస్టులో పోసిన గోడలన్నీ ఒక్క రీవర్క్ లేకుండా పాసయ్యాయి.

మేనేజర్ దగ్గరికి పోయి లిస్టు వాపస్ అడిగాను. ఆరు నాలుగైంది. కమ్మర్‌పల్లి ఆయన మిగిలాడు. సిరిసిల్ల ఆయన టికెట్ అప్పటికే అయిపోయింది. సెప్టెంబర్‌లో పోయాడు.

మ్యాచ్ రోజు కమ్మర్‌పల్లి ఆయన నా పక్కనే ఉన్నాడు. ఖూఖీ వయసు చెప్తే, "ముప్పై అయిదుకే ముసలోడా సార్, నాకు యాభై రెండు" అని నవ్వాడు. ఆ రాత్రి సిరిసిల్ల ఆయన నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. మ్యాచ్ గెలిచారట గదా అని అడిగి, చివర్లో, "సార్, గా లిస్టు ఎవరు రాసిండ్రో మీకేమన్న ఎరుకనా?" అన్నాడు.

ఎరుకే అన్నా. నేనే రాసిన. ఫోన్‌లో చెప్పలేకపోయాను. నువ్వు ప్రతి వారం ఇది వింటావని చెప్పినవు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను. విన్నాక ఫోన్ చెయ్యి, తిట్టినా సరే, ఎత్తుతాను.

గ్రాట్యుటీ లెక్క వచ్చేసారి. ఉంటాను.