గీత లేని హద్దు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో బడి, ఇల్లు, కిరాయి

ఈ స్మారకోపన్యాసానికి ఎంచుకున్న విషయంలో బడి ఒకటి, ఇల్లు ఒకటి. బడి లెక్కలు విద్యాశాఖ దగ్గర, ఇంటి లెక్కలు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉంటాయి. ఇల్లు వెతుక్కునే కుటుంబం మాత్రం రెండింటినీ కలిపే ఆలోచిస్తుంది. మన పట్టణాల్లో ఏ గల్లీలో కిరాయి పెరుగుతుందో, పల్లెల్లో ఏ ఇంటికి తాళం పడుతుందో తేల్చడంలో బడికి ఉన్న పాత్రను తక్కువగా అంచనా వేస్తున్నామన్నది నా వాదన.

అమెరికాలో ఈ లెక్క బహిరంగమే. అక్కడ చాలాచోట్ల ప్రభుత్వ బడికి ఒక హద్దు గీస్తారు, ఆ గీత లోపలి ఇళ్ల పిల్లలకే అందులో చోటు. ఆర్థికవేత్త సాండ్రా బ్లాక్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో బోస్టన్ శివార్లలో ఇలాంటి గీతలకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి చూశారు. పేట ఒకటే, బడి మాత్రమే వేరు. పరీక్షల మార్కులు 5 శాతం ఎక్కువున్న ప్రాథమిక పాఠశాల కోసం తల్లిదండ్రులు ఇంటికి 2.5 శాతం ఎక్కువ చెల్లిస్తున్నారని తేలింది. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. గీతను పట్టించుకోకుండా మామూలుగా లెక్క కడితే వచ్చే అంకెలో ఇది సుమారు సగమే. మంచి పేటలు, మంచి బడులు ఒకేచోట ఉంటాయి కనుక పేట విలువ కూడా బడి ఖాతాలో పడిపోతుంది. మన దగ్గర ఈ విషయం మాట్లాడేటప్పుడు కూడా ఆ జాగ్రత్త కావాలి. ఇక అమెరికాలో ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబం ముందుగా అడిగే ప్రశ్నల్లో స్కూలు రేటింగు ఒకటని వేరే చెప్పనక్కర్లేదు.

మన దగ్గర అలాంటి గీత లేదు. 1964-66 నాటి కొఠారి కమిషన్ ఇరుగుపొరుగు పిల్లలందరూ ఒకే బడిలో చదవాలని సిఫార్సు చేసింది, అది కాగితం దాటలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కింద ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలన్న నియమం వచ్చింది. అయితే ఆ దూరం కట్టడి చేసేది సర్కారును, పిల్లవాణ్ని కాదు. సర్కారు బడి కట్టాలి, తల్లిదండ్రులు అందులోనే చేర్పించనవసరం లేదు. కనుక మన హద్దును గీసేది పసుపురంగు స్కూలు బస్సు. అది ఎంతవరకు వస్తుందో ప్రైవేటు బడి పరిధి అంతవరకు. బస్సు రాని చోటు నుంచి, లేదా బస్సు ఫీజూ ప్రయాణమూ భారమైన చోటు నుంచి కుటుంబమే బడి దగ్గరికి కదులుతుంది.

గల్ఫ్ వలసల జిల్లాగా పేరుపడ్డ జగిత్యాలలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. భార్య పిల్లలతో జగిత్యాలలోనో కోరుట్లలోనో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుంటుంది. అత్తమామలు ఊళ్లోనే ఉంటారు, వాళ్ల తర్వాత ఆ ఇంటికి తాళం పడుతుంది. గల్ఫ్ డబ్బుతో పల్లెలో కట్టిన మేడకు ఉండే మనిషి కరువైతే, పట్టణంలో బడి ఉన్న వీధిలో టూలెట్ బోర్డు నాలుగు రోజులు నిలవదు. ధరల సంగతి దస్తావేజులు చూసి తేల్చలేం. అందులో రాసేది చాలాసార్లు ప్రభుత్వ మార్కెట్ విలువ చుట్టూ తిరిగే అంకె, గజానికి నిజంగా చేతులు మారేది వేరు. అందుకే కిరాయినీ తాళాన్నీ నేను మెరుగైన సాక్ష్యాలుగా భావిస్తాను. బడి వైపు సాక్ష్యం ఇంకా గట్టిది. 2024-25లో ఒక్క విద్యార్థీ లేని బడులు దేశంలో 7,993 ఉంటే, అందులో 2,245 తెలంగాణవే. పిల్లలు లేని బడి ఉన్న ఊళ్లో పిల్లలున్న కుటుంబం కొత్తగా ఇల్లు కట్టుకుంటుందా?

సిరిసిల్ల కథ వేరు. మరమగ్గాల కార్మికుడు సాంచెల దగ్గరే ఉండాలి, రాత్రి షిఫ్టు దిగి నడిచి ఇల్లు చేరాలి. అతని కిరాయిని నిర్ణయించేది మగ్గం, బడి వెంట కదిలే వెసులుబాటు అతనికి లేదు. అలాంటి కుటుంబానికి పక్కనున్న సర్కారు బడి ఎలా ఉంటే పిల్లల చదువు అలా ఉంటుంది. జగిత్యాలలో డబ్బు బడిని వెతుక్కుంటూ పోతుంటే, సిరిసిల్లలో బడే కార్మికుడి దగ్గరికి రావాలి.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. జనం పట్టణానికి వచ్చేది ఆసుపత్రి, బ్యాంకు, వ్యాపారం కోసం, బడి వాటిలో ఒకటి మాత్రమేనంటారు. పాక్షికంగా నిజమే, సాండ్రా బ్లాక్ అంకె సగానికి తగ్గింది కూడా ఇలాంటి కారణం వల్లే. కాని ఎవరు కదులుతున్నారో చూడండి. ఆసుపత్రే ప్రధాన కారణమైతే ముందు కదలాల్సింది ముసలివాళ్లు. వాళ్లు ఊళ్లో ఉండిపోతుంటే తల్లీపిల్లలు వెళ్తున్నారు, అదీ బడులు తెరిచే జూన్‌కు ముందు.

గురుకులాలు ఉన్నాయి కదా అన్నది మరో మాట. 1971లో పి.వి. నరసింహారావు హయాంలో సర్వేల్‌లో మొదలైన ఈ వ్యవస్థ ఎందరో పేద పిల్లలను నిలబెట్టింది. అయితే గురుకులం పిల్లవాణ్ని ఇంటి నుంచి తీసుకెళ్తుంది, ఇంటి చుట్టూ ఉన్న బడిని మార్చదు. సీట్లు పరిమితం, మిగిలినవాళ్లకు ఊరి బడే గతి.

అలాగైతే అమెరికాలా గీతలు గీద్దామా? వద్దు. ఢిల్లీలో నర్సరీ సీట్లకు దూరాన్ని బట్టి పాయింట్లు ఇవ్వడంతో బడి పక్క చిరునామాకే విలువ వచ్చింది. ఇక్కడ గీస్తే కిరాయి కట్టలేనివాడు గీత బయటే ఉండిపోతాడు. మనకు ఇప్పటికే మరో రకం గీత ఒకటి ఉంది, దాన్ని ఎవరూ ఇంటితో ముడిపెట్టి చూడరు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7 తరగతుల్లో కనీసం నాలుగేళ్లు చదివిన చోటే ప్రభుత్వ ఉద్యోగాలకు స్థానికత. ఆ ఉద్యోగాల కోసం విభజించిన జోన్లలో జగిత్యాల బాసర జోన్‌లో, సిరిసిల్ల రాజన్న జోన్‌లో ఉన్నాయి. కథలాపూర్, రుద్రంగి వైపు సరిహద్దు పల్లెల్లో పిల్లవాడు ఎటువైపు బస్సెక్కాడన్నది పదిహేనేళ్ల తర్వాత ఉద్యోగ దరఖాస్తులో తేలుతుంది.

మనకు అనుకూలమైన అంశం కూడా ఒకటుంది. అమెరికాలో బడి గణనీయంగా స్థానిక ఆస్తిపన్ను మీద ఆధారపడుతుంది, అందుకే ఖరీదైన పేటకు మంచి బడి, మంచి బడికి మరింత ఖరీదైన పేట. మన ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది గాని, సర్కారు బడి టీచరు జీతం రాష్ట్ర ఖజానా నుంచే వస్తుంది. కాబట్టి పేద వాడలో మంచి బడి పెట్టడానికి ఆ వాడ ధనవంతం కావాల్సిన పని లేదు. 2023లో సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో కేజీ నుంచి పీజీ దాకా ఒకే ప్రాంగణం ప్రారంభమైంది. దాని చుట్టూ కిరాయిలు, తాళం పడ్డ ఇళ్లు ఎలా మారుతున్నాయో లెక్కించడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. రెండు జిల్లాల అధికారులకు, ఇక్కడి డిగ్రీ కళాశాలల అర్థశాస్త్ర అధ్యాపకులకు నా విన్నపం: ప్రతి వార్డులో, ప్రతి పల్లెలో ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయో, ఆ ఇళ్ల పిల్లలు ఏ బడికి వెళ్తున్నారో ఒకే జాబితాలో రాయించండి. ఏ బడినైనా మూసే ముందు, విలీనం చేసే ముందు ఆ జాబితా గ్రామసభలో చదివి వినిపించండి.